కేకెయ్యడం రాని పిల్ల

“అది కేకనా? బస్సులో కండక్టర్ని టికెట్ అడిగినట్టుండాది!”

తహీర్ చేతిలోని నాటకం కాగితాలను చుట్టచుట్టి తన నెత్తిమీద తనే కొట్టుకున్నాడు.

దిబ్బలపాలెం తుఫాను షెల్టరు మేడమీది హాల్లో రిహార్సల్స్ మొదలై వారం దాటింది. మిగతా అందరికీ వేషాలు ఒంటబట్టాయి. అంగన్‌వాడీ ఆదిశేషమ్మ ఏడుపు చూసి నిన్న డైరెక్టరు తహీర్‌కే కళ్లు చెమర్చాయి. సచివాలయం సర్వేయరు మధుబాబు మునసబుగా గద్దిస్తే కిటికీ రెక్కలు అదిరాయి. బండి ఆగిపోయింది సబీనా దగ్గరే. నాటకం మొదలయ్యేదే ఆమె కేకతో. ఆ కేక సరిగ్గా పడకపోతే, తర్వాత ఊరు ఊరంతా ఎందుకంత హడలిపోతోందో చూసేవాళ్లకు అర్థం కాదు.

“ఇంకోసారి చేస్తాలెండి,” అంది సబీనా.

“చెయ్యండి. మీరిప్పుడు ముత్యాలు. ఉప్పు కుప్పలకు కాపలా పెడితే, ఎగ్గొట్టి తోలుబొమ్మలాటకు పోయినారు. వానొచ్చి ఉప్పంతా కరిగిపోయింది. మీ అమ్మ చీపురుకట్ట తీసుకోని వస్తా ఉండాది. భయం! కేక గొంతులో నుంచి కాదు, అరికాళ్లలో నుంచి రావాల.”

సబీనా తన అరికాళ్లను తలుచుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. నోరు తెరిచింది.

“అమ్మో,” అంది. చాలా మర్యాదగా.

మధుబాబు గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. తహీర్ కిటికీ దగ్గరికి పోయి సముద్రానికి మొరపెట్టుకున్నాడు. “యా అల్లా, వచ్చే వారమే నెల్లూరులో పోటీ. మా తాత ఆడించిన నాటకం. ఈ పిల్లేమో కేకెయ్యమంటే దరఖాస్తు ఇస్తా ఉండాది.”

“నాకు వినబడతా ఉండాది,” అంది సబీనా.

“వినబడాలనే అన్నా.”

ఆమె ఎడమ కనుబొమ ఒక్కటి కొంచెం పైకి లేచింది. కోపం వచ్చిందని చెప్పడానికి సబీనా మొహంలో ఉన్న ఆధారం అదొక్కటే. ఆ సంగతి కనిపెట్టినవాడు ఊళ్లో తహీర్ ఒక్కడే. అందుకే ఆ కనుబొమ లేచేదాకా ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. లేచాక మాత్రం చెప్పాల్సిన తర్వాతి మాట మరిచిపోతాడు.

ఆమెను ఈ వేషానికి పట్టుకొచ్చిందీ అతనే. తహీర్‌ది బుచ్చిరెడ్డిపాలెం. సచివాలయంలో కరెంటు పనులు చూసే ఉద్యోగం మీద ఈమధ్యే దిబ్బలపాలెం వచ్చాడు. వచ్చిన కొత్తలో ఒకరోజు, రొయ్యల గుంటల నీళ్లు పరీక్షచేసే ల్యాబు ముందు స్తంభమెక్కి పనిచేసుకుంటుంటే కిటికీలోంచి ఒక ఆడపిల్ల గొంతు వినిపించింది.

“తెల్లమచ్చ తెగులు వచ్చిందన్నా. రేపే పట్టుబడి చేసి ఉన్న రొయ్యలు అమ్ముకోండి. ఇంకా ఆగితే ఒక్క రొయ్య గూడా మిగలదు.”

గుంట ఆసామి కుర్చీలో కూలబడిపోయాడు. చెప్పిన పిల్ల ఆయన చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చి, తర్వాతి సీసా మూత తీసింది. తహీర్ స్తంభం దిగీ దిగకముందే కిటికీలో తల పెట్టాడు.

“ఏమండీ, అంత ఘోరమైన మాట అంత నిమ్మళంగా ఎట్టా చెప్పినారు?”

“ఏడస్తా చెబితే మచ్చ పోతుందా?”

“పోదనుకోండి...”

“మీ గ్లౌజు చిరిగిపోయింది, చూసుకున్నారా? ముందు అది మార్చండి. తర్వాత నన్ను అడుగుదురుగానీ.”

ఆ సాయంత్రం ఎవరో పంపించినట్టు వాన పడింది. గొడుగు ఇద్దరి దగ్గరా లేదు. ల్యాబు వసారాలో చెరో స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. ఊరికే నిలబడలేక తహీర్ నాటకం కథ ఎత్తుకున్నాడు. దాని పేరు ‘ఉప్పుకయ్యలు’, అంటే ఉప్పు పండించే మళ్లు. తాత కాలం నుంచి తిరునాళ్లలో ఆడుతున్న పాత నాటకం. ముత్యాలు అనే పిల్ల కాపలా ఎగ్గొట్టిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి కెవ్వున కేకేసి, ఊరి చివర ఒంటరిగా ఉండే నాంచారమ్మ జుట్టు విరబోసుకుని గట్టుమీద నిలబడి చూసిందనీ, ఆ చూపుకే ఉప్పు కరిగిపోయిందనీ చెబుతుంది. అది విని పక్కనున్న పిల్లలూ కేకలేస్తారు. కేకేసినదాన్ని అందరూ ఒళ్లో పడుకోబెట్టుకుంటున్నారు, కేకెయ్యనిదాన్ని నిలబెట్టి ప్రశ్నలడుగుతున్నారు మరి. చివరికి ఊరంతా కర్రలు పట్టుకుని నాంచారమ్మ గుడిసెమీదికి పోతారు.

“ఇందులో దుర్మార్గుడెవురు?” అని అడిగింది సబీనా.

“అదే గమ్మత్తు. ఎవురూ లేరు. అందరూ భయస్తులే. మునసబుకు ఉప్పు లెక్క తనమీదికి వస్తుందని భయం. వైద్యుడికి ఆ కేకలేసే పిల్లల జబ్బేందో తెలీదంటే పరువు పోతుందని భయం. పిల్లలకు తన్నులంటే భయం. ఎవురి భయం వాళ్లది. అన్నీ పోయి ఆ ఒక్కదాని నెత్తిన పడతాయి.”

సబీనా వానలోకి చెయ్యి చాపింది. “మా ఇంట్లో ఈ నాటకం రోజూ ఆడతారు. ఉచితం,” అంది.

అతను పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతను ఠక్కున నవ్వు ఆపి, “ముత్యాలు వేషం మీరు వెయ్యండి,” అన్నాడు. “రోజూ అరిచేవాళ్లు అరిస్తే ఎవురు లెక్కచేస్తారు? మీలాంటి పిల్ల అరిస్తేనే ఊరు నమ్మేది.”

ఎందుకు సరేనందో ఆమెకు తెలియదు. అప్పటికి వాన సన్నబడుతోంది, అది ఆగిపోతుందేమోనని గుండెలో ఏదో గుబులుగా ఉంది. అంతవరకే తెలుసు.

సబీనా వాళ్ల నాయన సైదావలికి రోడ్డుమీద పరుపులు కుట్టే అంగడి ఉంది. దూదిలో పుట్టి దూదిలో పెరిగిన మనిషి, ఆయన మాటకూడా దూదిలాగే ఉంటుంది. ఆ ఇంట్లో మోతంతా అమ్మ సర్దార్‌బీదే.

సర్దార్‌బీ చెడ్డది కాదు. బిడ్డను ఏనాడూ దేనికీ వద్దనలేదు. వద్దంటే ఎదురుచెప్పవచ్చు, అలగవచ్చు. ఆమె వద్దనదు, భయపడుతుంది. దానికి ఎదురు ఏం చెబుతారు? కడుపున పుట్టిన బిడ్డ గడప దాటితే మళ్లీ గడప ఎక్కేదాకా ఏ తల్లికైనా ప్రాణం గుప్పిట్లోనే ఉంటుంది, కాదనలేం. సర్దార్‌బీ మాత్రం ఆ గుప్పిట ఇరవై నాలుగు గంటలూ ఊరందరికీ చూపించేది. సునామీ వచ్చిన పొద్దున బుడిబుడి నడకల బిడ్డను చంకనేసుకుని రోడ్డుదాకా పరుగెత్తిన మనిషి ఆమె. సముద్రం ఆరోజే వెనక్కి పోయింది. ఆమె ఇంకా పరుగెత్తుతూనే ఉంది.

ఇంటి తలుపు పక్కన ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా వేలాడుతుంటుంది. అందులో ఆధార్ కార్డులు, కొవ్వొత్తులు, బిస్కెట్లు, జ్వరం మాత్రలు, ఒక చెంబు. షెల్టరు దగ్గర అధికారులు మాక్ డ్రిల్ పెట్టినప్పుడు ఊరంతా సెల్‌ఫోన్లు చూసుకుంటుంటే, నోరు తెరుచుకుని విన్నది ఆమె ఒక్కతే. షెల్టరు కింద స్తంభానికి బిగించిన చేతి సైరన్ ఎలా తిప్పాలో చూపించి, దాని పెట్టె తాళంచెవి ఆమెకే ఇచ్చి పోయారు. అప్పటినుంచీ ఆ తాళంచెవి ఆమె కొంగు ముడిలోనే ఉంటుంది.

చిన్నప్పుడు సబీనా దోమ కుట్టి “అబ్బా” అంటే చాలు, సాయంత్రానికల్లా నెల్లూరులో రక్తపరీక్ష. బడిలో కాలికి ముల్లు గుచ్చుకుందని ఏడిస్తే వారం రోజులు బడే లేదు. ఆ పిల్ల తొందరగానే నేర్చుకుంది. గుమ్మం తగిలి కాలి గోరు లేచినా పెదవి కొరుక్కునేది. తలుపు సందులో వేలు నలిగినా గోడవైపు తిరిగి మనసులో పది ఎక్కాలు చదువుకునేది. అమ్మ అరిచే ఇంట్లో ఇంకొకరు అరవడానికి చోటెక్కడిది?

ఇక నాటకం సంగతి, అందులో ఒక కరెంటబ్బాయి సంగతి ఆ ఇంట్లో ఎలా చెబుతుంది? గుంటలు పట్టుబడికి వచ్చాయని, సాయంత్రాలు ల్యాబులో పని ఎక్కువైందని చెప్పింది.

“ఏం మే, ఫోను ఎత్తలా?” రెండు రోజుల తర్వాత, సాయంత్రం షెల్టరు మెట్లెక్కుతుంటే అమ్మ ఫోను.

“ఎత్తి మాట్లాడతా ఉండా కదమ్మా.”

“మొదటి రింగుకు ఎత్తలా. ఆ మధ్యలో నా ప్రాణం యాడికి పోయొచ్చిందో నీకేం తెలుసు? టీవీలో చెప్పినారు, అల్పపీడనమంట. మబ్బు చూసినావా? అది మామూలు మబ్బు కాదు. గొడుగు తీసుకోని నేను రానా?”

“వద్దమ్మా! వాన పడితే ల్యాబులోనే ఉంటా. నువ్వు రావద్దు.”

“అంత గట్టిగా వద్దంటావెందుకు? ఏమైంది? ఎవురన్నా ఏమన్నా అన్నారా?”

“అబ్బబ్బబ్బ! ఏం కాలేదమ్మా. పెట్టేయ్.”

ఫోను సంచిలో పడేసి తలెత్తితే పైమెట్టుమీద తహీర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. “ఇప్పుడన్నావే ‘అబ్బబ్బబ్బ’ అని, అందులో పావలా వంతు స్టేజీమీద పెట్టు, చాలు,” అన్నాడు. మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

ఆరోజు సబీనా ఉప్పు కూలీపిల్ల వేషంలోకి మారింది. పాత నేతచీర, విరబోసిన జుట్టు, బుగ్గలకు బూడిద. హాలు అవతలి చివర ఆదిశేషమ్మ, మధుబాబు తమ మాటలు వల్లె వేసుకుంటున్నారు. బయట వాన అందుకుంది. సముద్రం, ఆకాశం ఒకే రంగులోకి వచ్చాయి.

మొదటి కేక. “పిల్లికూన,” అన్నాడు తహీర్.

రెండో కేక. “పిల్లికూన తమ్ముడు.”

“నీకు యాష్టగా ఉంటే వేరే పిల్లను వెతుక్కో!” సబీనా కనుబొమ పూర్తిగా పైకెక్కింది. “నాకు రాదు. ముందే చెప్పినా. నువ్వే ఇన్లా.”

“రాక కాదు. నొక్కిపెట్టేస్తా ఉండావు. నిజం చెప్పు, నీకు దేనికి భయం?”

“దేనికీ లేదు.”

“పామంటే?”

“పట్టి అవతల పారేస్తా.”

“ఉరుమంటే?”

“శబ్దమే కదా.”

“మరి ఇందాక ఫోనులో ‘రావద్దు’ అని అంత గట్టిగా ఎందుకన్నావు?”

సబీనా కిటికీ దగ్గరికి పోయి, చినుకులు పడుతున్న గట్టుమీద వేలితో గీతలు గీసింది. తర్వాత మెల్లగా అంది. “మా అమ్మ భయపడుతుందని భయం. ఇంకేం లేదు. ముత్యాలుకు చీపురుకట్టన్నా ఉండాది. నాకు అదీ లేదు. అమ్మ కొట్టదు, తిట్టదు. గుండె పట్టుకోని కూలబడుతుంది. నా సంగతి ఏం తెలిసినా అంతే. నాటకమైనా, నువ్వైనా.”

“నేనా?” అన్నాడు తహీర్.

సబీనా నాలుక కొరుక్కుంది. ఆలస్యమైపోయింది.

తహీర్ గొంతు సవరించుకున్నాడు. చేతిలోని కాగితాలను తిరగేసి పట్టుకుని చదువుతున్నట్టు నటించాడు. “అట్టయితే నేను చెప్పాల్సింది గూడా చెప్పేస్తా. ఇన్నిరోజులూ ఎట్టా చెప్పాలా అని నిద్ర పట్టలా. రేపు మా అమ్మానాయన బుచ్చి నుంచి వస్తా ఉండారు. పొద్దున్నే మీ ఇంటికొస్తాం. మీ అమ్మతో మాట్లాడతాం, మన సంగతి.”

సబీనా వెనక్కి తిరిగింది. కళ్లు పెద్దవయ్యాయి.

అప్పుడు వచ్చింది కేక.

అరికాళ్లలోంచే వచ్చింది. ఇన్నేళ్లుగా లోపలికి మింగిన దోమకాట్లు, ముళ్లు, తలుపు సందులో నలిగిన వేళ్లు, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి ఎగబాకినట్టు వచ్చింది. కిటికీ ఊచలు గుయ్యిమన్నాయి. మధుబాబు చేతిలో కర్ర జారిపడింది. ఆదిశేషమ్మ గోడకు అతుక్కుపోయింది. షెల్టరుమీద వాలిన కాకులన్నీ వానలోకే లేచిపోయాయి.

“ఇదే!” తహీర్ గాల్లోకి ఎగిరాడు. “ఇదే కేక! సబీనా, సరిగ్గా ఇట్టానే, ఇంకొక్కసారి...”

అతని మాట పూర్తికాలేదు. కిందనుంచి సైరన్ మోగింది.

దిబ్బలపాలెంలో ఆ సైరన్ మోగితే ఎవరూ కారణం అడగరు. షెల్టరు మెట్లు దడదడలాడాయి. తట్టలు, మూటలు, మేకపిల్లలు, గ్యాసు సిలిండరు, భుజాన టీవీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, మంచంతో సహా మోసుకొచ్చిన ఒక ముసలమ్మ. చూస్తుండగానే హాలు నిండిపోయింది. సైదావలి రెండు చంకలా రెండు దిండ్లు ఇరికించుకుని వచ్చాడు. బూడిద బుగ్గలతో నిలబడ్డ కూతుర్ని చూసి, “ల్యాబులో ఇంత మసి ఉంటుందా బుజ్జీ?” అన్నాడు నెమ్మదిగా.

ఎవరో అన్నారు, “సముద్రం లేచిందంట!”

“అంట కాదు, నేను కళ్లారా చూసినా. తాటిచెట్టంత అల!”

“తాటిచెట్టా? రెండు తాటిచెట్లు. మా గోడకు నీళ్లు తగిలినాయి!”

“అందుకేనే మా గేదె పొద్దుటి నుంచి మేత ముట్టలా!”

తహీర్ మెల్లగా సబీనా పక్కకు జరిగాడు. “రెండో అంకం,” అన్నాడు గుసగుసగా. “ఒక్క మాట గూడా తప్పు పోవడం లేదు. వారం రోజులు నేను వీళ్లకెందుకు నేర్పినట్టు?”

“నోరు మూసుకో,” అంది సబీనా. ఆమె కళ్లు జనంలో అమ్మకోసం వెతుకుతున్నాయి.

ఇంతలో ఊరిపెద్ద హజరత్తయ్య ఫోను మోగింది. చేపలవేటకు పోయిన పెంచలయ్య, తీరానికి దగ్గర్లో పడవలోంచి మాట్లాడుతున్నాడు. హజరత్తయ్య స్పీకరు పెట్టాడు.

“మావా, సైరనేంది? ఊళ్లో ఏమైంది?”

“సముద్రం లేచిందిరా!”

“ఏ సముద్రం? నేను దీంట్లోనే ఉండా కదా. పళ్లెంలో నీళ్లట్టా ఉండాది. వాన తప్ప ఏం లేదు.”

హాలంతా చప్పబడిపోయింది. తాటిచెట్టంత అలను చూసినవాళ్లు టీవీ వెనక్కి జరిగారు. మేకపిల్ల ఒకటి మ్యామంది. తర్వాత, పోయిన భయం ఉన్న చోటులోకి కోపం వచ్చి కూర్చుంది. దానికి ఎవరో ఒకరు కావాలి.

“సైరన్ తిప్పిందెవురు?” హజరత్తయ్య గొంతు ఉరిమింది. “మంచంమీది ముసలిదాన్ని మోసుకోనొచ్చినామే! మెట్లమీద ఎవురన్నా పడి చచ్చుంటే?”

అందరి చూపులూ ఒకేసారి తిరిగాయి. బూడిద మొహాలు, విరబోసిన జుట్టు, చేతిలో కర్రలు, మధ్యలో తహీర్.

“ఈ కరెంటబ్బాయే. డ్రామా కోసం తిప్పుంటాడు!”

“పైవూరోడు. మొన్న రెండు గంటలు కరెంటు తీసేసింది గూడా వీడే.”

“వీళ్ల ఆఫీసుకు రాసి పంపండి. ఊళ్లో కాలు పెట్టకూడదు. డ్రామా లేదు, గీమా లేదు!”

సైరన్ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఒక్కరికీ గుర్తురాలేదు. నిన్నటిదాకా “తమ్ముడూ, ఫ్యాను తిరగడం లేదు, ఓసారి చూడు” అన్న నోళ్లే అవన్నీ. సబీనాకు ఒళ్లు మండింది. ఒక్క అడుగు ముందుకేసింది. అప్పుడు కనిపించింది అమ్మ.

మెట్ల దగ్గర, తలుపు చాటున నిలబడి ఉంది సర్దార్‌బీ. ఒక చేతిలో విప్పని గొడుగు, భుజాన తుఫాను సంచి. తడిసి ముద్దయిపోయింది. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిలిలోంచి తాళంచెవి కొస బయటికి కనబడుతోంది.

సబీనా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నోరు తెరిస్తే అతను బయటపడతాడు. కానీ అప్పుడు ఊరు చూపించే వేలు పోయి ఎవరి మీద ఆగుతుంది? ఇంతమంది కోపం అమ్మమీద పడితే, చిటికెడు మాటకే కూలబడే ఆ గుండె ఏమవుతుంది? నోరు తెరవకపోతే అతను పోతాడు. వారం రోజులుగా అర్థంకాని ముత్యాలు ఆమెకు ఆ నిమిషంలో పూర్తిగా అర్థమైంది.

తహీర్ ఆమె మొహం చూశాడు. ఆమె చూపు పోయినవైపు చూశాడు. పిడికిలి చూశాడు. అతనికి రెండో మాట అవసరం లేకపోయింది.

“అవును,” అన్నాడు చేతులు పైకెత్తి. “నేనే తిప్పినా. ఏం చేస్తారో చెయ్యండి.”

“చెప్పలా? నేను చెప్పలా?” అని నాలుగు గొంతులు లేచాయి.

“ఆగండి!”

సర్దార్‌బీ జనాన్ని గొడుగుతో పొడుచుకుంటూ మధ్యలోకి వచ్చింది. నేరుగా తహీర్ ముందుకొచ్చి ఆగింది.

“ఏం నాయినా, నువ్వు తిప్పినావా? పెట్టె తాళం ఎట్టా తీసినావు? పిడి ఏ పక్కకు తిప్పినావు, చెప్పు?”

“అదీ... కుడిపక్కకు...”

“కుడిపక్కకు తిప్పితే అది మోగదు! పిడి ఊడొస్తుంది! తెలీనప్పుడు గమ్మునుండాల, పెద్ద మొనగాడు మాదిరి ముందుకొచ్చేదేనా?” అని కసిరి, హజరత్తయ్య వైపు తిరిగింది. “తిప్పింది నేనన్నా. నేనే. వానొచ్చిందని గొడుగు తీసుకోని ల్యాబుకు పోతే తాళం వేసుండాది. కాపలా నరసయ్య, నీ బిడ్డ షెల్టరుకు పోయిందన్నాడు. తుఫాను లేందే షెల్టరుకు ఎవురన్నా ఎందుకు పోతారన్నా? ల్యాబులో యంత్రాలుండాయి, ముందే తెలిసుంటుందనుకున్నా. పడతా లేస్తా వచ్చి కిందికి చేరేసరికి పైనుంచి నా బిడ్డ కేక ఇనబడింది.”

“కేక ఇంటే సైరన్ తిప్పుతావా మే?” అన్నాడు హజరత్తయ్య.

“నీకు తెలీదన్నా. అది అరవదు. వేలు నలిగినా అరవదు, జ్వరమొచ్చినా అరవదు. అరిస్తే నేను భయపడతానని చిన్నప్పటి నుంచి అన్నీ మింగేసుకుంటుంది. నాకు తెలీదా? తల్లిని కానా? అట్టాంటి బిడ్డ అంత కేక పెట్టిందంటే సముద్రం లేచినట్టే కదా! ఇంకేమని అనుకునేది?”

సబీనా పెదవి కొరుక్కోబోయింది. ఈసారి కొరుక్కోలేదు. బుగ్గలమీది బూడిదలో రెండు గీతలు పడ్డాయి.

“ఈ అబ్బయ్యనేం అనబాకండి,” అంది సర్దార్‌బీ. “ఆఫీసుకు రాయాలంటే నా పేరు రాయండి. తాళంచెవి ఇదిగో.”

హజరత్తయ్య తాళంచెవి చూశాడు, వాన చూశాడు, టీవీ మోసుకొచ్చిన పెద్దమనిషిని చూశాడు. మీసం కింద ఏదో కదిలింది. “నీ పేరు రాస్తే మళ్లా తుఫానుకు సైరన్ తిప్పేదెవురు? మాకెవురికీ ఏ పక్కకు తిప్పాల్నో తెలీదే!” అన్నాడు.

ముందు ముసలమ్మ నవ్వింది, మంచంమీదనుంచే. తర్వాత హాలంతా.

“ఎట్టాగూ వచ్చినాం. వాన తగ్గేదాకా కదిలేది లేదు,” అన్నాడు హజరత్తయ్య, సిలిండరు మీద కూర్చుంటూ. “ఊరిని ఇంత హడలగొట్టిన డ్రామా ఏందో చూపించండి మరి.”

అలా ‘ఉప్పుకయ్యలు’ మొదటి ఆట పోటీకన్నా ముందే పడింది. ముత్యాలు కేకేసినప్పుడు మేకపిల్లలు బెదిరిపోయాయి, సర్దార్‌బీ సగం లేచింది. సైదావలి ఆమె కొంగు పట్టి లాగి, “కూర్చో. నాటకం,” అన్నాడు. నాంచారమ్మ గుడిసెమీదికి కర్రలతో పోయే ఘట్టం వచ్చేసరికి హాల్లో కొందరు తలలు వంచుకున్నారు. రెండు తాటిచెట్లంత అలను చూసిన పెద్దమ్మ మాత్రం కొంగుతో ముక్కు చీదుకుంటూ, “పాపం, ఎంత అన్యాయం! ఎట్టాంటి జనమమ్మా!” అంది.

ఆట అయ్యాక అమ్మ సంచిలోంచి బిస్కెట్లు తీసి సబీనా చేతిలో పెట్టింది.

“ఆ ముత్యాలు పాపిష్టిది. ‘నేనే తప్పు చేసినా’ అని ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా!”

“నువ్వు చెప్పినావు కదమ్మా,” అంది సబీనా.

సర్దార్‌బీ కాసేపు బిస్కెట్ ప్యాకెట్ మడతలు సరిచేసింది. “ఇప్పుడు నువ్వు చెప్పు. నా మీద ఒట్టు. అప్పుడెందుకరిచినావు? ఆ అబ్బయ్య ఏమన్నా అన్నాడా?”

“అన్నాడు.”

“ఏమన్నాడు?” గుండెమీదికి చెయ్యి పోయింది.

“రేపు వాళ్లమ్మానాయనను తీసుకోని మనింటికి వస్తానన్నాడు. నా గురించి నీతో మాట్లాడేదానికి.” సబీనా కళ్లు మూసుకుంది. ఇక కూలబడుతుంది, ఇప్పుడో ఇంకో క్షణంలోనో.

కూలబడిన చప్పుడు రాలేదు. కళ్లు తెరిచి చూస్తే అమ్మ మొహం ఎర్రబడి ఉంది. అది భయం కాదు, ఒళ్లుమంట.

“రేపా? టీవీలో అల్పపీడనమని చెప్పినాక రేపా? బుచ్చి నుంచి ఆ పెద్దోళ్లు బైకుమీద వస్తారా, బస్సులో వస్తారా? రోడ్డుమీద నీళ్లు నిలిస్తే? జారిపడితే? ఎవురిదా పాపం? బుద్ధుండాదా ఆ పిల్లోడికి!” అని లేచి నిలబడింది. “ఓ నాయినా, కరెంటబ్బాయ్! ఇటు రా! మాట్లాడేదేందో ఇప్పుడే మాట్లాడు. మీ అమ్మకు ఫోను కలుపు. ఎట్టాగూ షెల్టర్లో ఉండాం కదా, ఇంతకంటే భద్రమైన చోటు యాడ దొరుకుతుంది?”

తహీర్ తడబడుతూ వచ్చి నిలబడ్డాడు. సైదావలి దిండు ఒకటి ఆ పిల్లవాడి వైపు జరిపాడు, కూర్చోమని.

పోటీలో మూడో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు సబీనా కేకను మెచ్చుకున్నారు. సర్దార్‌బీ హాలు తలుపు పక్క కుర్చీలో, ఒళ్లో తుఫాను సంచితో కూర్చుని చూసింది.

పెళ్లికి ఒప్పుకోవడానికి ఆమె ఒక్కటే షరతు పెట్టింది. అల్లుడు స్తంభం ఎక్కేముందు ఒక ఫోను, దిగాక ఒక ఫోను తనకు చెయ్యాలి. తహీర్ సరేనన్నాడు. ఊళ్లో ఎన్ని స్తంభాలున్నాయో అప్పటికి లెక్కేసుకోలేదు.

“నాకు మాత్రం రోజంతటికీ ఒక్క ఫోనే చేస్తాడు,” అని గొణిగింది సబీనా. ల్యాబు కిటికీలోంచి చూస్తే ఎదుటి స్తంభం కింద నిలబడి అతను చెవిలో ఫోను పెట్టుకున్నాడు. చేతికి కొత్త గ్లౌజు.

“దిగినానత్తా.”

“నిజంగా దిగినావా? గాలి శబ్దం ఇనబడతా ఉండాదే?”

“నేలమీదే ఉండానత్తా.”

“నీ మాట నేను నమ్మను. నువ్వు సైరన్ తిప్పినా అన్నోడివి. సాక్ష్యం ఎవురుండారు?”

తహీర్ నిస్సహాయంగా కిటికీవైపు చూశాడు. సబీనా ఎడమ కనుబొమ లేచింది. చేతిలోని సీసా కింద పెట్టి, ఊచలు పట్టుకుని, అరికాళ్లలోంచి ఊపిరి పీల్చింది.

“దిగినాడమ్మా! నన్ను నమ్ము! దిగినాడూ!”

ఆ కేక రోడ్డు చివరి పరుపుల అంగడిదాకా పోయింది, అక్కడినుంచి సముద్రందాకా పోయింది. దిబ్బలపాలెంలో ఒక్కరూ పరుగెత్తలేదు.